చడీచప్పుడు లేని తపస్సు

1980లో యాపిల్ కంపెనీ ఆఫీసుల కోసం ‘యాపిల్ త్రీ’ అనే కంప్యూటర్ని అమ్మకానికి పెట్టింది. ధర నాలుగు వేల డాలర్ల పైమాటే. కొన్నవాళ్లలో చాలామందికి అది మొరాయించింది. దానికి కంపెనీ తరఫున చెప్పిన చిట్కా ఒకటి ఇప్పటికీ కథలు కథలుగా చెప్పుకుంటారు. మెషీన్ని బల్ల మీంచి రెండు మూడంగుళాలు పైకెత్తి వదిలెయ్యమన్నారు. సాకెట్లలో వదులైపోయిన చిప్పులు ఆ దెబ్బకి మళ్లీ సర్దుకుని కూర్చునేవి. పాత రేడియో నెత్తిన ఒక్కటిచ్చి పాట పాడించిన తరానికి ఈ వైద్యం కొత్తేమీ కాదు.

చిప్పులు ఎందుకు వదులయ్యాయన్న దాని మీద ఇంజినీర్ల మధ్య మాట కలవలేదు. సర్క్యూట్ బోర్డు మరీ ఇరుకన్నవాళ్లున్నారు, వేడన్నవాళ్లున్నారు. వేడన్నవాళ్ల వేలు స్టీవ్ జాబ్స్ వైపు చూపించింది. ఆ పెట్టెలో ఫ్యాన్ ఉండకూడదని పట్టుబట్టింది ఆయనే. బల్ల మీద రొద పెట్టే వస్తువు మనిషి ఆలోచనకి అడ్డమని ఆయన నమ్మకం. వేడిని బయటికి పంపే పని అడుగునున్న బరువైన అల్యూమినియం పోతకి అప్పగించారు.

జాబ్స్ మౌనం మరిగిన మనిషి కనుక చప్పుడు గిట్టలేదని తేల్చేయడం సులువు. 1974లో, పంతొమ్మిదేళ్ల వయసులో, నీమ్ కరోలీ బాబాని వెతుక్కుంటూ ఆయన ఇండియా వచ్చాడు. బాబా అంతకు ముందు సెప్టెంబర్‌లోనే దేహం చాలించారు. తిరిగెళ్లాక కాలిఫోర్నియాలో కోబున్ చినో ఒతొగావా అనే జపాన్ జెన్ గురువు దగ్గర ధ్యానానికి కూర్చున్నాడు. 1991లో జాబ్స్ పెళ్లి జరిపించింది కూడా ఆ గురువే. అయితే జెన్ ధ్యానశాల మనం ఊహించుకునేంత సద్దు లేని చోటేమీ కాదు. వేళ తెలపడానికి చెక్క పలక మీద సుత్తితో కొడతారు, గంటలు మోగుతాయి, కునికేవాడి భుజం మీద బెత్తం చెళ్లుమంటుంది. అక్కడ అణచాల్సిన చప్పుడు వేరే ఉంది. ఫ్యాన్ తీసేస్తే పోయే చప్పుడు కాదది.

అయినా ఆ పట్టుదల వదల్లేదు. 1984 నాటి మొదటి మ్యాకింటాష్‌లో కూడా ఫ్యాన్ లేదు. వేడిగాలి దానంతటదే పైకి లేచి, నెత్తిన ఉన్న చీలికల్లోంచి పోవాలి. జనం దాన్ని బ్రెడ్డు కాల్చే టోస్టర్ అని వెక్కిరించారు. అదును చూసి వేరే కంపెనీలు పైన తగిలించుకునే ఫ్యాన్లు చేసి అమ్ముకున్నాయి. 1985లో జాబ్స్ కంపెనీ వదిలి వెళ్లాడు. 1987లో వచ్చిన మ్యాకింటాష్ ఎస్‌ఈ లోపల ఫ్యాన్ తిరగడం మొదలైంది. ఆయన మళ్లీ వచ్చాక 2000లో జీ4 క్యూబ్ అనే అందాల పెట్టెలో మళ్లీ ఫ్యాన్ తీసేశారు. ఏడాది తిరక్కుండానే దాని తయారీ ఆగిపోయింది. చివరికి 2020 నవంబర్‌లో, జాబ్స్ పోయిన తొమ్మిదేళ్లకి, ఎం1 చిప్పుతో మ్యాక్‌బుక్ ఎయిర్ వచ్చింది. ఫ్యాన్ లేదు, పెద్దగా వేడీ లేదు, ఎత్తి కింద పడేయాల్సిన పనీ లేదు.

అదే రోజు అదే చిప్పుతో ఇంకో ల్యాప్‌టాప్ కూడా వచ్చింది. పదమూడంగుళాల మ్యాక్‌బుక్ ప్రో. దానిలో ఫ్యాన్ ఉంది. ఒకే కడుపున పుట్టిన ఇద్దరిలో ఒకడికి గొంతిచ్చి, ఇంకొకడికి ఇవ్వనట్టు. ఉత్తరం రాసినా, లెక్కలు చూసినా, సినిమా చూసినా రెండింటికీ తేడా తెలియదు. పెద్ద వీడియోని అరగంట పాటు మార్పించే పని పెడితే అప్పుడు తెలుస్తుంది. ప్రో ఫ్యాన్ తిప్పుకుని అదే జోరు మీద సాగిపోతుంది. ఎయిర్ ఒళ్లు వెచ్చబడిందని గ్రహించి, తన వేగం తనే తగ్గించుకుంటుంది. వేడెక్కినప్పుడు ఒకటి గొంతు పెంచుతుంది, ఒకటి నిదానిస్తుంది. మనుషుల్లో ఈ రెండు రకాల్నీ చూడనివాళ్లుండరు.

ఈ రెండో రకం యంత్రం మీద మనసు పారేసుకున్నవాళ్లు ఇప్పుడు చాలామంది. అర్ధరాత్రి పిల్లలు పడుకున్నాక రాసుకునేవాళ్లు, పాట రికార్డు చేసుకునేవాళ్లు, ఒళ్లో పెట్టుకుంటే తొడ కాలిన అనుభవమున్నవాళ్లు. తెలుగువాళ్లకి ఈ ఇష్టంలో ఇంకో పొర ఉంది. చలిదేశాల్లో వెచ్చదనం ప్రేమకి గుర్తు. ఇక్కడ దీవెన ‘చల్లగా ఉండు’. తల్లి చల్లని తల్లి, చూపు చల్లని చూపు, నలుగురికీ అన్నం పెట్టిన ఇల్లాలి కడుపు చల్లగా ఉండాలి. ఆషాఢంలో హైదరాబాద్ అమ్మవార్లకి వేపకొమ్మలతో బోనమెత్తేది ఆ తల్లిని చల్లబరచడానికే. శివలింగం నెత్తిన ధారాపాత్ర కట్టి చుక్క చుక్కగా నీళ్లు వదులుతాం. పెద్ద పెద్ద సర్వర్లకి ఇప్పుడు గాలి చాలక, గొట్టాలతో నీళ్లు పారించి చల్లబరుస్తున్నారని విన్నప్పుడు ఏ శివాలయం పూజారీ ఆశ్చర్యపోడు.

చల్లదనం అంటే ఇంత మోజున్న భాషలోనే ‘తపస్సు’ అన్న మాట కూడా ఉంది. దాని ధాతువుకి అర్థం కాగడం, కాలడం. తాపం, తపన, సంతాపం అన్నీ ఆ చెట్టు కొమ్మలే. తాపత్రయం ఇంకా తమాషా మాట. శాస్త్రంలో అది మనిషిని కాల్చే మూడు వేడిములు: తన ఒంట్లోంచీ మనసులోంచీ పుట్టేది, తోటి ప్రాణుల వల్ల వచ్చేది, దైవికంగా మీద పడేది. వాడుకలోకి వచ్చేసరికి అది ‘ఎందుకంత తాపత్రయం’ అని విసుక్కునే మాటగా మిగిలింది. ఫ్యాన్ హోరెత్తిస్తూ పనిచేసే పాత ల్యాప్‌టాప్‌ని చూసి అనాల్సిన మాట సరిగ్గా అదే.

మరి చప్పుడు లేని యంత్రానిది మౌనమా, ఉత్త నిశ్శబ్దమా?

తెలుగులో ఈ రెండు మాటల్నీ ఒకదాని బదులు ఒకటి వాడేస్తుంటాం కానీ అవి ఒకటి కావు. శబ్దం లేకపోతే నిశ్శబ్దం. అది ఖాళీ గదికీ ఉంటుంది, చెడిపోయిన గడియారానికీ ఉంటుంది. మౌనం ‘ముని’ నుంచి పుట్టింది. అది ఒకరు చేసే పని. భగవద్గీత పదిహేడో అధ్యాయంలో తపస్సుని మూడు రకాలుగా విడదీశారు: శరీరంతో చేసేది, మాటతో చేసేది, మనసుతో చేసేది. మౌనం ఏ జాబితాలో ఉంటుందని ఎవర్నడిగినా మాటల జాబితాలోననే అంటారు. అక్కడ లేదు. మాటతో చేసే తపస్సంటే ఎదుటివాడిని నొప్పించకుండా నిజమైనదీ, ఇష్టమైనదీ, మేలు చేసేదీ మాట్లాడటం, చదివింది వల్లించుకోవడం. అంటే మాట్లాడటమే! మౌనాన్ని మాత్రం మనసు చేసే తపస్సుల్లో చేర్చారు. ఈ చిక్కుని శంకరులు తన భాష్యంలో విప్పారు. మాటని ఆపాలంటే ముందు మనసు ఆగాలి. మౌనమని ఇక్కడ ఫలితం పేరు చెప్పి దాని కారణాన్ని సూచించారన్నారు.

ఇదొక మంచి గీటురాయి. యంత్రానికి ఆనిస్తే ప్రశ్న ఇలా తయారవుతుంది: చప్పుడుని మూసిపెట్టారా, చప్పుడు పుట్టించే వేడినే తగ్గించారా?

యాపిల్ త్రీలో మూసిపెట్టారు. వేడి అలాగే ఉంది, ఫ్యాన్ మాత్రం తీసేశారు. పైకి ఉపవాసం, మనసంతా వంటింట్లో. గీత మూడో అధ్యాయం దీనికి ఘాటైన పేరే పెట్టింది. చేతుల్నీ కాళ్లనీ బిగబట్టుకుని మనసులో మాత్రం విషయాల్నే తలుచుకునేవాడు మిథ్యాచారి.

2020 నాటి చిప్పు వంశం వేరు. దాని మూలం ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో, ఎకార్న్ అనే చిన్న కంపెనీలో ఉంది. సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ గీసిన మొదటి ఆర్మ్ చిప్పు 1985 ఏప్రిల్ 26న ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. దాన్ని చల్లగా ఉంచాలనుకున్నది ఏ ఆదర్శంతోనూ కాదు. వేడెక్కే చిప్పుకి పింగాణీ తొడుగు కావాలి, అది ఖరీదు. చవక ప్లాస్టిక్ తొడుగులో ఇమడాలంటే చిప్పు ఒక వాట్ లోపే సరిపెట్టుకోవాలి. ఎందుకైనా మంచిదని మరీ పొదుపుగా గీశారు. పరీక్షించిన రోజున కరెంటు కొలిచే మీటరు సున్నా చూపించింది, చిప్పు మాత్రం లక్షణంగా పనిచేస్తోంది. వెతికితే తేలిందేమిటంటే, బోర్డు నుంచి దానికి కరెంటు తీగే కలవలేదు. పక్క చిప్పుల నుంచి వచ్చే సంకేతాల్లోంచి కారిన కాసింత కరెంటుతోనే అది బతికేసింది. మొదట ఫోన్లలోకి, తర్వాత ల్యాప్‌టాప్‌ల్లోకి ఎక్కింది ఈ చిప్పు సంతతే. ఎం1 మాట్లాడేది కూడా ఆర్మ్ భాషే. దాని చల్లదనం వ్రతం పట్టి తెచ్చుకున్నది కాదు, చేతిలో డబ్బుల్లేక అలవడింది. భిక్ష మీద బతికే సాధువుకి పొదుపు నేర్పక్కర్లేదు కదా.

శంకరుల గీటురాయి మీద ఈ యంత్రం నెగ్గినట్టే కనిపిస్తుంది. కానీ తపస్సంటే వేడి అన్న మొదటి చిక్కు అలాగే ఉండిపోయింది.

ఆ చిక్కునే ఒక తెలుగు పండితుడు ఒక గుహ ముందు నిలబడి అడిగాడు. బొబ్బిలి దగ్గర కలువరాయిలో పుట్టిన అయ్యలసోమయాజుల గణపతిశాస్త్రి అప్పటికే నవద్వీపంలో కావ్యకంఠ బిరుదు పొందినవాడు, మంత్రజపం లెక్కలేనంత చేసినవాడు. 1907 నవంబర్ 18న తిరువణ్ణామలై కొండ మీది విరూపాక్ష గుహకి వెళ్లి, అక్కడ మాటా పలుకూ తక్కువగా ఉండే ఇరవై ఏడేళ్ల బ్రాహ్మణ స్వామి కాళ్ల మీద పడ్డాడు. చదవాల్సినవి చదివాను, జపం చేశాను, అయినా తపస్సంటే ఏమిటో అంతుపట్టలేదన్నాడు. స్వామి కాసేపు ఊరికే చూశారు. తర్వాత చెప్పిన దాని సారాంశం ఇది: ‘నేను’ అన్నది ఎక్కడినుంచి పుడుతోందో కనిపెట్టి చూస్తే మనసు అందులో లీనమవుతుంది, అదే తపస్సు, మంత్రం జపిస్తుంటే ఆ నాదం ఎక్కడినుంచి పుడుతోందో చూసినా అంతే. ఆ స్వామికి భగవాన్ రమణ మహర్షి అన్న పేరు పెట్టింది ఈ గణపతిశాస్త్రే.

జరిగిన చోటు కూడా చూడాలి. పంచభూత క్షేత్రాల్లో అరుణాచలం అగ్నిది. శివుడు నిప్పు స్తంభంగా నిలిచి, ఆ మంట తట్టుకోలేమని అందరూ మొరపెట్టుకుంటే చల్లబడి కొండయ్యాడని స్థలపురాణం. ఆ వరసలో వాయువుది మన శ్రీకాళహస్తి. గాలి దూరే దారి లేని గర్భగుడిలో దీపం అల్లల్లాడుతుందంటారు. అదే ఆలయంలో నోరు విప్పకుండా బోధించే దక్షిణామూర్తి సన్నిధి కూడా ఉంది. ఈ సంప్రదాయానికి మౌనమంటే పని లేకపోవడం కాదు. నిప్పూ గాలీ ఎక్కడికీ పోవు; కొండ చల్లబడినా లోపల ఉన్నది అగ్నే.

భౌతికశాస్త్రం ఇంచుమించు ఇదే మాట ఇంకో గుమ్మంలోంచి చెప్పింది. 1961లో ఐబీఎం శాస్త్రవేత్త రాల్ఫ్ లాండౌర్ ఒక సూత్రం ప్రతిపాదించాడు. సమాచారాన్ని చెరిపేసినప్పుడల్లా కొంత వేడి పుట్టి తీరాలి. గది ఉష్ణోగ్రత దగ్గర, ఒక్క బిట్‌ని చెరపడానికి అయ్యే కనీస ఖర్చు, ఒక జూల్‌ని కోటి కోట్ల కోట్ల ముక్కలు చేస్తే అందులో సుమారు మూడు ముక్కలు. 2012లో దాన్ని ప్రయోగం చేసి కొలిచారు. ఇప్పటి చిప్పులు ఈ కనీసానికి ఎన్నో రెట్లు ఖర్చు పెడుతున్నాయి కాబట్టి ల్యాప్‌టాప్ కొనేవాళ్లకి దీనితో పనిలేదు. ఆసక్తి కలిగించేది వేరే. లెక్క కట్టడానికి వేడి తప్పనిసరి కాదు, మరిచిపోవడానికి తప్పనిసరి. కర్మలు జ్ఞానాగ్నిలో కాలిపోతాయనీ, వేయించిన గింజ మొలకెత్తదనీ వేదాంతం చెప్పినప్పుడు, అక్కడా చెరపడానికి నిప్పునే పిలిచారు. పోలిక బావుంది, అంతవరకే. దీన్ని పట్టుకుని కంప్యూటర్ కూడా వేదాల్లోనే ఉందని బయల్దేరేవాళ్లకో దణ్ణం.

వేడి తప్పనప్పుడు, అది ఎటు పోతోందన్నదే అసలు విచారణ.

తెల్లదొరల బంగళాల్లో పైకప్పు నుంచి గుడ్డ పంకా వేలాడేది. దాని తాడు గోడకి కొట్టిన కంతలోంచి వరండాలోకి పోయేది. అక్కడ నేల మీద కూర్చుని ఒక మనిషి రాత్రంతా దాన్ని లాగేవాడు. దొర గదిలో చల్లగా, సద్దు లేకుండా ఉండేది. చెమటంతా గోడకి అవతల. ఇవాళ అపార్ట్‌మెంట్లలో స్ప్లిట్ ఏసీ చేసే పని కూడా ఇదే. పడకగదిలో గుసగుసలాంటి గాలి, అవుట్‌డోర్ యూనిట్ రొదా వేడీ పక్కవాళ్ల కిటికీకి. ఫ్యాన్ లేని ల్యాప్‌టాప్‌కి కూడా గోడలో కంత ఉంది. దాని పేరు ఇంటర్నెట్. ఫొటోలు వెతకడం, అనువాదం, ఏఐతో కబుర్లు, ఇలాంటి బరువు పనుల్లో చాలా భాగం ఒళ్లో ఉన్న యంత్రం చేయదు. ఎక్కడో డేటా సెంటర్‌లో వరసలు కట్టిన సర్వర్లు చేస్తాయి. ఆ హాళ్లలోకి వెళ్లేవాళ్లు చెవులకి రక్షణ పెట్టుకోవాల్సి వస్తుంది, ఫ్యాన్ల హోరు అలాంటిది.

ఆ వరండా ఇప్పుడు మన ఊళ్లకే వస్తోంది. 2025 అక్టోబర్‌లో గూగుల్ విశాఖపట్నంలో ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లు పెట్టి గిగావాట్ స్థాయి డేటా కేంద్రం కడతామని ప్రకటించింది. గిగావాట్ అంటే ఎంత? అదే విశాఖ పక్కన ఉన్న సింహాద్రి థర్మల్ కేంద్రం మొత్తం సామర్థ్యం రెండు గిగావాట్లు. దానిలో సగం. పది వాట్లు తాగే ల్యాప్‌టాప్‌లతో లెక్కేస్తే పది కోట్ల ల్యాప్‌టాప్‌లు ఒకేసారి వెలిగించినంత. సర్వర్లలోకి వెళ్లిన కరెంటంతా చివరికి వేడిగానే బయటికి రావాలి. దాన్ని మోయడానికి గాలో నీళ్లో కావాలి. ఉద్యోగాలు, పన్నులు, నగరానికి పేరు, ఇవన్నీ నిజమే కావచ్చు. వద్దని వాదించడం ఇక్కడ ఉద్దేశం కాదు. ఒళ్లో ఉన్న చల్లని పలకకీ, సముద్రపొడ్డున లేవబోయే ఆ హోరుకీ మధ్య తాడు ఒకటుందని గుర్తుపెట్టుకోవడం వరకే.

మిథ్యాచారి అన్న మాట ఇప్పుడు ఎవరికి తగులుతుంది? యంత్రానికి కాదు. అది తన పదివాట్లతో బుద్ధిగానే ఉంది. చప్పుడు లేదు కనుక ఖర్చు లేదనుకునే మనిషికి తగులుతుంది. ఫ్యాన్ రొద చికాకే, కానీ అది నిజం చెప్పేది. పదిహేను ట్యాబులు తెరిస్తే కసురుకునేది, వీడియో ఎక్కిస్తే ఆయాసపడేది. మనం అడిగిన పనికి ఎంత కష్టమవుతోందో చెవికి తెలిసేది. వంటింట్లో గిన్నెల చప్పుడు వినబడని ఇంట్లో అన్నం దానంతటదే వచ్చినట్టుంటుంది. చప్పుడు చేయని పనివాడంటే యజమానులకి ఎప్పుడూ ఇష్టమే. ఆ ఇష్టంలో మౌనం మీది గౌరవం ఎంతో, ఎదుటివాడి శ్రమ మన చెవిన పడకూడదన్న కోరిక ఎంతో విడదీసి చూడటం కష్టం.

ఫ్యాన్‌ని అందరికన్నా ముందుగా, అందరికన్నా గట్టిగా వద్దన్నవాళ్లు జైన మునులు. దశవైకాలిక సూత్రం మునులకి విసనకర్రతోగానీ, ఆకుతోగానీ, బట్ట కొసతోగానీ విసురుకోవడాన్ని, చివరికి నోటితో ఊదడాన్ని కూడా నిషేధించింది. గాలే దేహంగా గల జీవులకి అది హింస. చాలామంది మునులు కరెంటు ఫ్యాన్ కింద కూర్చోరు, మండువేసవిలో కూడా. కొలనుపాకకి నడిచి వచ్చే సాధువులకి తెలంగాణ ఎండ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. వాళ్ల లెక్కలో ఫ్యాన్ లేని ల్యాప్‌టాప్‌కి సగం మార్కులు కూడా రావు. కరెంటు నిప్పు జాతిదని నమ్మే మునులు అసలు స్విచ్చే ముట్టుకోరు. వాళ్లు పట్టించుకున్నది తమ చెవిని కాదు. గాలి అవతల ఎవరికి తగులుతుందోనన్నది వాళ్ల బాధ.

ఇంకో చిన్న సంగతి. ఫ్యాన్ లేని యంత్రం పూర్తిగా మూగది కూడా కాదు. గది బాగా సద్దుమణిగాక చెవి దగ్గర పెట్టుకుంటే కొన్నింట్లో సన్నగా కీచుమంటూ వినిపిస్తుంది. కరెంటు హెచ్చుతగ్గులకి లోపలి తీగచుట్టలు కంపించే చప్పుడది. ఫ్యాన్ ఉన్నన్నాళ్లూ ఆ హోరులో కలిసిపోయి తెలియదు. ధ్యానానికి కొత్తగా కూర్చున్నవాళ్లు కళ్లు మూసుకోగానే లోపల ఇంత గోల ఉందా అని బెదిరిపోయేది ఇలాగే. బృహదారణ్యకంలో కహోలుడికి జవాబు చెబుతూ యాజ్ఞవల్క్యుడు ఒక మెట్టు ఎక్కువే వేశాడు. మౌనం కానిదాన్నీ, మౌనాన్నీ, రెంటినీ పూర్తిచేసుకున్నాకే బ్రాహ్మణుడవుతాడన్నాడు. నిశ్శబ్దాన్ని కొనుక్కుని ఒళ్లో పెట్టుకుని మురిసిపోయేవాళ్లని ఆయన ఏమనేవాడో.

మన దగ్గర మాత్రం ఆ మురిపెం మార్చి దాకానే. మ్యాక్‌బుక్ ఎయిర్‌ని పది నుంచి ముప్పై ఐదు డిగ్రీల మధ్య వాడాలని కంపెనీ రాసిపెట్టింది. మే నెల మధ్యాహ్నం విజయవాడలోనో రామగుండంలోనో నలభై దాటితే, ఏసీ లేని గదిలో ఆ మునీశ్వరుడు నిదానించి నిదానించి, అక్షరం కొట్టాక ఆలోచించి వేస్తాడు. అప్పుడు ఇంట్లోవాళ్లు చేసే పని ఒకటే. బల్లని గది మధ్యలోకి జరిపి, పైన సీలింగ్ ఫ్యాన్‌ని ఐదు మీద పెడతారు. ఏళ్ల తరబడి నూనె ఎరగని ఆ ఫ్యాన్ కిర్రు కిర్రుమంటూ తిరుగుతుంది. కింద ల్యాప్‌టాప్ చప్పుడు చేయదు.